పైసలు వచ్చేటందుకు పిన్ ఎందుకు?

అంగడిలో బేరం

అంగడికి బర్రెను తోలుకుపోతాం. కొనేటాయన వస్తాడు. బర్రె చుట్టూ తిరిగి చూస్తాడు. పళ్ళు చూస్తాడు. పొదుగు చూస్తాడు. పూటకు ఎన్ని పాలిస్తుందని అడుగుతాడు. మనం ఒక ధర చెబుతాం. ఆయన తక్కువకు అడుగుతాడు. చాలాసేపు బేరం నడుస్తుంది. చివరికి కుదురుతుంది. ఆయన బయానా ఇస్తాడు. మిగిలిన పైసలు లెక్కపెట్టి ఇస్తాడు. అప్పుడు పలుపు చేతికి ఇస్తాం.

ఇందులో ఒక సంగతి ఉంది. పైసలు కొనేవాళ్ళ దగ్గరి నుంచి అమ్మేవాళ్ళకు వస్తాయి. అమ్మేవాళ్ళు తమ కొంగుముడి విప్పాల్సిన పని లేదు.

ఇది అందరికీ తెలిసిన సంగతే. చదువు రానప్పుడు కూడా తెలిసిన సంగతే. కానీ ఫోనులో అమ్మేటప్పుడు చాలామంది దీన్ని మరిచిపోతున్నారు. మరిచిపోయేటట్లు మోసగాళ్ళు చేస్తున్నారు. ఈ పాఠంలో ఆ మోసం గురించి తెలుసుకుందాం.

ఫోనులో అంగడి

ఇప్పుడు ఫోనులో కూడా అంగడి ఉంది. పాత మంచం, పాత ఫ్రిజ్, కూలర్, స్కూటర్, కుట్టు మిషన్ ఏదైనా అక్కడ అమ్మవచ్చు. వస్తువును ఫోటో తీస్తారు. ధర రాస్తారు. ఫోన్ నంబరు పెడతారు. ఎక్కడెక్కడి వాళ్ళో దాన్ని చూస్తారు. కావాల్సినవాళ్ళు ఫోన్ చేస్తారు. ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ ఇలాంటి అంగళ్ళే.

ఇందులో మేలు ఉంది. ఇంట్లో మూలన పడి ఉన్న వస్తువుకు పైసలు వస్తాయి. కొనేవాళ్ళకు తక్కువ ధరకు వస్తువు దొరుకుతుంది.

చిక్కు కూడా ఉంది. అంగడిలో కొనేటాయన మన ముందు నిలబడతాడు. ఆయనది ఏ ఊరో తెలుస్తుంది. ఫోనులో మనిషి కనబడడు. గొంతు మాత్రమే వినబడుతుంది.

సరోజనకు ఏం జరిగింది?

సరోజన అనే ఒక అక్క ఉందనుకుందాం. ఆమెది టేకుమట్ల మండలంలో ఒక ఊరు అనుకుందాం. టేకుమట్ల 2016లో మండలం అయింది. అదే ఏడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఏర్పడింది.

ఇది కల్పించిన కథ. కానీ ఇందులో చెప్పిన మోసం నిజంగా జరుగుతున్నదే.

సరోజన బట్టలు కుడుతుంది. పెళ్ళైన కొత్తలో భర్తతో కలిసి భీవండి పోయింది. అక్కడ మరమగ్గాల దగ్గర పని చేసింది. అక్కడే కొంచెం హిందీ నేర్చుకుంది. తర్వాత ఊరికి తిరిగి వచ్చింది. మహిళా సంఘంలో చేరింది. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది.

సంఘం అప్పుతో ఆమె మోటారు ఉన్న కొత్త కుట్టు మిషన్ కొన్నది. పాత తొక్కుడు మిషన్ మూలన పడింది. దాన్ని అమ్ముదామనుకుంది. కాలేజీకి పోయే బిడ్డ ఫోటో తీసి ఫోనులో పెట్టింది. ధర 6,500 రూపాయలు అని రాసింది.

గంట లోపలే ఫోన్ వచ్చింది. అవతలి మనిషి హిందీలో మాట్లాడాడు.

"అక్కా, మీ మిషన్ నాకు కావాలి. నేను మిలిటరీలో పని చేస్తాను. సికింద్రాబాద్‌లో ఉంటాను. మా ఇంటావిడకు మిషన్ కొనాలి" అన్నాడు.

"ఎప్పుడు వచ్చి చూస్తరు?" అని సరోజన అడిగింది.

"నేను రాలేను. సెలవు దొరకదు. రేపు మా మిలిటరీ బండి వస్తుంది. మా మనుషులు తీసుకుపోతారు. మీకు పైసలు ఇప్పుడే పంపిస్తాను."

సరోజనకు సంతోషం కలిగింది. అతను ధర తగ్గించమని అడగలేదు. మిషన్ బాగా కుడుతుందా అని కూడా అడగలేదు. వాట్సాప్‌లో ఒక గుర్తింపు కార్డు ఫోటో పంపాడు. అందులో మిలిటరీ బట్టలు వేసుకున్న మనిషి బొమ్మ ఉంది.

"ముందు 5 రూపాయలు పంపిస్తున్నా, చూసుకోండి" అన్నాడు. నిజంగానే 5 రూపాయలు వచ్చాయి. సరోజనకు నమ్మకం కుదిరింది.

తర్వాత అతను ఒక బొమ్మ పంపాడు. నల్లటి చిన్న చిన్న గళ్ళ బొమ్మ. దుకాణాల్లో మనం స్కానర్ అంటామే, అదే. "దీన్ని స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి. 6,500 మీ ఖాతాలో పడతాయి" అన్నాడు.

సరోజన స్కాన్ చేసింది. పిన్ కొట్టింది. ఫోన్ టింగుమన్నది. కానీ పైసలు రాలేదు. ఖాతాలో నుంచి 6,500 పోయాయి.

"అయ్యో, నా పైసలే పోయినయి!" అన్నది.

"భయపడకండి అక్కా. మిషన్‌లో తప్పు జరిగింది. ఇంకో స్కానర్ పంపిస్తా. మళ్ళీ పిన్ కొట్టండి. రెండూ కలిపి 13,000 వస్తాయి. తొందరగా కొట్టండి, లేకపోతే ఆగిపోతాయి" అన్నాడు.

సరోజన కంగారు పడింది. పోయిన పైసలు రావాలని మళ్ళీ కొట్టింది. ఇంకో 6,500 పోయాయి.

అతను మూడోసారి స్కానర్ పంపాడు. ఈసారి సరోజన ఆగింది. బ్యాంకు పంపిన మెసేజి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. 'డెబిట్' అని ఉంది. డెబిట్ అంటే ఖాతాలో నుంచి పోయినట్లు. ఆమె ఫోన్ కట్ చేసింది.

ఖాతాలో ముందు 18,500 ఉండేవి. ఇప్పుడు 5,505 మిగిలాయి. పోయినవి పత్తి ఏరిన కూలి పైసలు, జాకెట్లు కుట్టిన పైసలు. సంఘం కిస్తు కట్టాల్సిన పైసలు కూడా అందులోనే ఉన్నాయి.

సంఘంలో మాటలు

సరోజన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. భర్త కోప్పడతాడని భయపడింది. నలుగురిలో పరువు పోతుందని సిగ్గు పడింది. మూడు రోజులు గడిచాయి. సంఘం మీటింగు రోజు వచ్చింది. ఆమె కిస్తు కట్టలేకపోయింది.

"ఏందే సరోజనా, మొఖం అట్లున్నదేంది? పానం బాగలేదా?" అని వీవోఏ అడిగింది.

సరోజనకు ఏడుపు ఆగలేదు. జరిగిందంతా చెప్పింది.

"చదువు నేర్చినవు గదా, అట్లెట్ల మోసపోయినవు?" అని ఒకామె అన్నది.

పెద్దవ్వకు కోపం వచ్చింది. "ఆమెను ఏమనకుండ్రి. ఇంట్ల దొంగలు పడితె ఇంటోళ్ళను తిడతమా? తప్పు దొంగది. సదువుకున్న సార్లు గూడ మోసపోతున్నరు" అన్నది.

కిరాణం దుకాణం నడిపే వదినె సరోజన పక్కన కూర్చున్నది.

"సరోజనా, నా దుకాణంకు వస్తవు గదా. సబ్బు కొంటవు. పైసలు ఎట్ల ఇస్తవు?"

"నీ స్కానర్ మీద ఫోన్ పెడత. పిన్ కొడత."

"అప్పుడు పైసలు ఎవ్వరికి వస్తయి?"

"నీకే వస్తయి."

"మరి నేను పిన్ కొడతనా?"

"నువ్వు కొట్టవు."

"నేను ఊకె కూసుంట. పైసలు పడ్డయని డబ్బా చెప్తది. స్కానర్ ఎవరిదో వాళ్ళకు పైసలు వస్తయి. స్కాన్ చేసి పిన్ కొట్టినోళ్ళ పైసలు పోతయి. మిషన్ అమ్మింది నువ్వు. పిన్ వాడు కొట్టాలె. నువ్వెందుకు కొట్టినవు?"

అందరూ ఒక్క నిమిషం మాట్లాడలేదు. అందరికీ సంగతి అర్థమైంది.

వీవోఏ వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయించింది. ఫిర్యాదు రాసుకున్నారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. కానీ మూడు రోజుల్లో ఆ పైసలు ఎన్నో ఖాతాలు దాటిపోయాయి. అవి తిరిగి రాలేదు. తెలిసిన వెంటనే ఫోన్ చేసి ఉంటే కొన్నైనా ఆగి ఉండేవేమో.

తర్వాత పక్క ఊరి ఆమె వచ్చింది. మిషన్ తొక్కి చూసింది. గుడ్డ పెట్టి కుట్టి చూసింది. 5,800కు బేరమాడింది. చేతిలో నోట్లు పెట్టి తీసుకుపోయింది. కొనే మనిషి అంటే అట్లా ఉంటుంది.

పిన్ అంటే తాళంచెవి

ఫోనులో పైసలు పంపే పద్ధతిని యూపీఐ అంటారు. ఇది 2016లో మొదలైంది. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ ఆప్‌లు దీని మీదే నడుస్తాయి.

యూపీఐలో పిన్ అంటే మన పెట్టెకు తాళంచెవి. దానిలో 4 అంకెలు గానీ 6 అంకెలు గానీ ఉంటాయి. పెట్టెలో నుంచి పైసలు తీయాలంటే తాళం తీయాలి. ఖాతాలో ఎన్ని పైసలున్నాయో చూసుకునేటందుకు కూడా పిన్ అడుగుతుంది. కానీ బయటివాళ్ళు మన ఖాతాలో పైసలు వేయడానికి మన పిన్ అక్కర లేదు. ఆలయంలో హుండీని తలుచుకోండి. పైసలు వేయడానికి తాళం తీస్తారా? తీయరు. పైసలు తీసేటప్పుడే తాళం తీస్తారు.

కొన్ని ఫోన్లలో పిన్‌కు బదులు వేలిముద్రతో గానీ ముఖం చూపించి గానీ పైసలు పంపవచ్చు. ఈ వీలు 2025లో వచ్చింది. అది కూడా పైసలు పంపడానికే. పైసలు వచ్చేటందుకు వేలు పెట్టాల్సిన పని లేదు. ముఖం చూపించాల్సిన పని లేదు.

ఇంతకుముందు ఇంకో మోసం జరిగేది. మోసగాడు మన ఫోనుకు పైసలు అడిగే మెసేజి పంపేవాడు. 'పైసలు వస్తున్నాయి, ఒప్పుకోండి' అని చెప్పేవాడు. ఒప్పుకొని పిన్ కొడితే పైసలు పోయేవి. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి ఒక మనిషి ఇంకో మనిషిని ఇట్లా పైసలు అడిగే పద్ధతిని ఆపేసింది. కానీ స్కానర్ ఉంది. మాయమాటలు ఉన్నాయి. అందుకే మన జాగ్రత్త మనకు ఉండాలి.

వీళ్ళు ఎవరు?

నిజమైన జవాన్లు దేశాన్ని కాపాడుతున్నారు. మన ఊళ్ళ నుంచి కూడా మిలిటరీకి పోయినవాళ్ళు ఉన్నారు. జవాను అంటే మనకు గౌరవం, నమ్మకం. మోసగాళ్ళు ఆ నమ్మకాన్నే వాడుకుంటారు. జవాను పేరు చెబుతారు. దొంగ కార్డు చూపిస్తారు. మిలిటరీ బండ్లు ఇంటింటికీ తిరిగి పాత సామాన్లు ఎత్తుకుపోవు.

ఇలాంటి మోసాలు హైదరాబాద్‌లో చాలా జరిగాయి. 2020లో హైదరాబాద్ పోలీసులు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతానికి పోయి కొందరిని పట్టుకొచ్చారు. వాళ్ళు జవాన్లమని చెప్పి, ఓఎల్‌ఎక్స్‌లో అమ్మేవాళ్ళను, కొనేవాళ్ళను మోసం చేసినవాళ్ళు. 2023 ఏప్రిల్‌లో హర్యానా పోలీసులు నూహ్ జిల్లాలో ఒకేసారి 14 ఊళ్ళలో సోదా చేశారు. ఫోన్ మోసాలు చేసే వందమందికి పైగా దొరికారు.

ఇంకొకరి వేషం వేసి ఫోనులో మోసం చేయడం నేరం. 2000 సంవత్సరంలో వచ్చిన ఐటీ చట్టం ప్రకారం దీనికి మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

మోసగాళ్ళ ఇతర ఎత్తులు

దొంగ మెసేజి: 6,500కు బదులు 16,500 పంపానంటాడు. ఎక్కువ వచ్చిన 10,000 తిరిగి పంపమంటాడు. పైసలు పడ్డట్టు మెసేజి కూడా చూపిస్తాడు. ఆ మెసేజి వాడే తయారు చేసింది. బ్యాంకు పంపింది కాదు. అందుకే మెసేజి నమ్మవద్దు. మన ఆప్ తెరిచి ఖాతాలో ఎంత ఉందో మనమే చూసుకోవాలి.

బండి కిరాయి: "బండి వస్తున్నది. కిరాయికి ముందుగా 500 పంపండి. వస్తువు ధరతో కలిపి ఇస్తాం" అంటారు. బండీ రాదు, పైసలూ రావు.

లింకు: ఒక లింకు పంపి నొక్కమంటారు. ఒక ఆప్ వేసుకోమంటారు. దాంతో మన ఫోను వాళ్ళ చేతికి పోతుంది. మనం ఏది కొట్టినా వాళ్ళకు కనబడుతుంది.

ఓటీపీ: ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పమంటారు. అవి ఎవరికీ చెప్పకూడదు. బ్యాంకు నుంచి అని చెప్పినా చెప్పకూడదు.

ఈ ఎత్తులన్నింటిలో ఒకటే గుణం ఉంది. మోసగాడు వస్తువు చూడడు. బేరం చేయడు. తొందర పెడతాడు. ఆలోచించుకునే సమయం ఇవ్వడు.

పైసలు పోతే ఏం చేయాలి?

చెరువు తూము తీశారనుకోండి. నీళ్ళు కాలువలో పోతాయి. కాలువ నుంచి పిల్ల కాలువల్లోకి పోతాయి. చివరికి పొలాల్లో ఇంకిపోతాయి. వెంటనే అడ్డం వేస్తే నీళ్ళు ఆగుతాయి. ఇంకిన తర్వాత ఏం చేయగలం?

పోయిన పైసలు కూడా ఇట్లాగే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోతాయి. చివరికి ఎవరో వాటిని బయటికి తీసుకుంటారు. అవి ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపాలి. అందుకే ఆలస్యం చేయకూడదు.

1. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఇది సైబర్ నేరాలకు దేశమంతటా పనిచేసే నంబరు. తెలంగాణలో ఏ ఊరి నుంచైనా చేయవచ్చు.

2. మన బ్యాంకుకు చెప్పాలి. పొరపాటున మనమే పిన్ కొట్టి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన పైసలు మన నష్టమే. చెప్పిన తర్వాత పోతే ఆ నష్టం బ్యాంకుది. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశంలో ఈ మాట ఉంది. అంటే ఎంత తొందరగా చెబితే అంత మంచిది.

3. పోలీస్ స్టేషన్‌కు పోవాలి. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. 'మా పరిధి కాదు' అని పంపించకూడదు.

4. మెసేజిలు, ఫోటోలు, వాడి నంబరు ఏదీ తుడిచేయవద్దు. అవే సాక్ష్యం.

ఇంట్లోవాళ్ళు కోప్పడతారని దాచిపెట్టవద్దు. మనం దాచిన కొద్దీ దొంగకు సమయం దొరుకుతుంది.

ఫిర్యాదు రాద్దాం

ఫిర్యాదు ఎవరితోనో రాయించుకోనక్కర లేదు. మనమే రాయవచ్చు. ఇది ఒక నమూనా. ఖాళీలు నింపండి. బిగ్గరగా చదవండి.

స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,
పోలీస్ స్టేషన్, టేకుమట్ల.

అయ్యా,

నా పేరు ............... మాది ............... గ్రామం. నేను పాత ............... అమ్ముతానని ఫోనులో పెట్టాను. ............... తేదీన ............... గంటలకు ............... నంబరు నుంచి ఫోన్ వచ్చింది. కొంటానని చెప్పి నాతో పిన్ కొట్టించారు. నా ఖాతా నుంచి ............... రూపాయలు పోయాయి. నా బ్యాంకు పేరు ............... ఖాతా నంబరు ............... పైసలు పోయిన లావాదేవీ నంబరు ............... 1930లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు ...............

విచారణ జరిపి నా పైసలు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

తేదీ:                    సంతకం:

లావాదేవీ నంబరు ఆప్‌లో ఉంటుంది. యూపీఐలో దానికి 12 అంకెలు ఉంటాయి. ఒక్క అంకె తప్పినా పైసల జాడ దొరకదు. రెండుసార్లు సరిచూసుకోండి.

ఫిర్యాదులో పిన్ రాయకూడదు. పోలీసులకు కూడా పిన్ చెప్పాల్సిన పని లేదు.

గుర్తుంచుకుందాం

పైసలు వచ్చేటందుకు పిన్ అక్కర లేదు.

పైసలు వచ్చేటందుకు స్కాన్ చేయాల్సిన పని లేదు.

కొనేవాళ్ళు వచ్చి వస్తువును కళ్ళతో చూడాలి.

పగటి పూట, పదిమంది ఉన్న చోట అమ్మాలి. ఒంటరిగా ఉన్నప్పుడు కొత్తవాళ్ళను ఇంట్లోకి పిలవవద్దు.

ఖాతాలో పైసలు పడ్డాయని చూసుకున్నాకే వస్తువు ఇవ్వాలి.

తెర మీద ఏం రాసి ఉందో చదవాలి. చదివి అర్థమైతేనే వేలు పెట్టాలి. అర్థం కాకపోతే పక్కవాళ్ళను అడగాలి.

తొందర పెడితే ఫోన్ కట్ చేయాలి.

మాట్లాడుకుందాం

1. సరోజనకు ఎక్కడెక్కడ అనుమానం రావాల్సింది? ఒక్కొక్కటి చెప్పండి.

2. మోసగాడు ముందు 5 రూపాయలు ఎందుకు పంపాడు?

3. సరోజన మూడు రోజులు ఎందుకు దాచింది? మీరైతే ముందు ఎవరికి చెబుతారు?

4. పెద్దవ్వ అన్న మాట సరైనదేనా? మోసపోయినవాళ్ళతో మనం ఎట్లా మాట్లాడాలి?

5. మీ ఊళ్ళో ఇలాంటి మోసం జరిగిందా? అప్పుడు ఏం చేశారు?

లెక్క చేద్దాం

ఒకామె ఖాతాలో 9,200 రూపాయలు ఉన్నాయి. పాత కూలర్‌ను 2,400కు అమ్మింది. పైసలు ఫోనులో పడితే ఖాతాలో ఎన్ని ఉండాలి? ఆమె మోసపోయి పిన్ కొడితే ఎన్ని మిగులుతాయి? రెండింటికీ తేడా ఎంత?

చేసి చూద్దాం

1930 అంకెలను పెద్దగా రాయండి. మీ ఇంట్లో గోడకు అంటించండి. ఈ పాఠాన్ని చదువు రాని ఒక అక్కకు చదివి వినిపించండి.